చెట్టుకు కట్టిన పెట్టెల్లోకి పావురాలు ఎందుకు వెళ్ళవు? గూటి కొలతలు, మేత, జబ్బులు, గుడి మండపం సమస్య

వంశధార_గట్టు (గుణుపూర్):
అందరికీ నమస్కారం. పెంకుటింటి వెనక వసారాలో పన్నెండు జతల పావురాళ్ళకు గూడు కట్టించాలి. గోడకు కుండలు అడ్డంగా కడితే చాలని కొందరు, చెక్కపెట్టెలే మేలని కొందరు అంటున్నారు. వేపచెట్టు కొమ్మలకు కట్టిన పెట్టెలు నెలల తరబడి ఖాళీగానే ఉన్నాయి, ఒక్క జతా చేరలేదు. ఇంకో సంగతి: మా వీధి గుడి మండపం నిండా పావురాల రెట్ట. కమిటీవాళ్ళు ఏదైనా మందు పెట్టి వదిలించాలంటున్నారు. ఈ రెండింటికీ తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

కొండచరియ (కోరాపుట్):
మీ రెండు ప్రశ్నలకూ మూలం ఒక్కటే అన్నా. పావురం చెట్టు పిట్ట కాదు, కొండచరియ పిట్ట. ఇళ్ళలో పెంచే రకాలన్నీ రాతి పావురం సంతానమే. అది అడవిలో బతికేది కొండ బొరియల్లో, చరియల అంచుల మీద. మన వైపయితే పాత బావుల లోగోడలు కూడా దానికి చరియలే. కొమ్మను పట్టుకుని నిద్రపోవడం దానికి అలవాటు లేదు. బల్లపరుపుగా అంచు ఉండాలి, వెనక గోడ ఉండాలి, పైన నీడ ఉండాలి, ముందు ఎగిరి వాలడానికి ఖాళీ ఉండాలి. వేప కొమ్మల మధ్య పెట్టెకు వెనక గోడా లేదు, ముందు ఖాళీ జాగా లేదు. గుడి మండపంలో దూలాల మీద అన్నీ కుదిరాయి కనక అక్కడికి చేరాయి.

గూడు కూడా అందుకే అంత అడ్డదిడ్డంగా ఉంటుంది. నాలుగు పుల్లలు పడేసి వాటి మీదే గుడ్లు పెడుతుంది. రాతి అంచు మీద గుడ్డు దొర్లకపోతే చాలు, అంతకు మించిన అల్లిక పని దానికి అక్కర్లేదు. పిల్లల రెట్టే ఎండి అంచు చుట్టూ గట్టు కడుతుంది. చెట్టు మీద గూడు కట్టే గువ్వలను దీనితో కలపకండి. పొడల గువ్వ, ఎర్రగువ్వ ఇదే కుటుంబం, కానీ వాటి పద్ధతి వేరు.

పర్లాకిమిడి_రెక్కలు:
కుండలు వద్దు. మూతి ఇరుకు, లోపల చెమ్మ పోదు, పేలు పడితే కడగడానికి చెయ్యి పట్టదు. అన్నిటికన్నా పెద్ద నష్టం ఏమిటంటే కుండ అడుగు నున్నన. పిల్ల కాళ్ళు రెండు పక్కలకూ జారిపోయి అలాగే గట్టిపడతాయి, ఇక ఆ పిల్ల నిలబడలేదు. వారం లోపు చూస్తే రెండు కాళ్ళకూ మధ్య మామూలు దూరం ఉంచి మెత్తటి టేపుతో కలిపి కట్టండి, నాలుగైదు రోజుల్లో సర్దుకుంటాయి. పది రోజులు దాటితే ఆశ తక్కువ.

పెట్టె కొలత: వెడల్పు 60 సెం.మీ., లోతు 40, ఎత్తు 40. ఒక్క జతకు అంత ఎందుకని అడుగుతారు. మొదటి పిల్లలు ఇంకా ఎగరకముందే ఆడది మళ్ళీ గుడ్లు పెట్టేస్తుంది. పెట్టెలో రెండు మూలల్లో రెండు మూకుళ్ళు పట్టాలి. మూకుడు మట్టిదే మంచిది, 22 నుంచి 25 సెం.మీ. వెడల్పు, 7 సెం.మీ. లోతు, లోపల గరుకుగా ఉండాలి. అడుగున ఇసుక పలచగా పోసి, పైన వేపపుల్లలు గుప్పెడు వేయండి. మిగతా పుల్లలు గూటి నేల మీద పడేస్తే మగది ఒక్కొక్కటే తెచ్చి ఆడదానికి అందిస్తుంది. ఆ పని మీరు చేసిపెట్టకండి, జత కుదరడానికి అది అవసరం.

పన్నెండు జతలకు గది 2.5 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు. నేల నుంచి మోకాలెత్తు పైకి లేపి, కాళ్ళకు రేకు గరాటాలు బోర్లించి బిగించండి, పాము, ఎలుక ఎక్కవు. జాలీ కన్ను 12 మి.మీ. మించకూడదు. ముఖం తూర్పుకి పెట్టండి, నైరుతి వాన లోపలికి కొట్టకూడదు. లోపలికి మాత్రమే ఊగే తీగెల తలుపు పెడితే బయటినుంచి వచ్చినవి తోసుకుని దూరతాయి, తిరిగి బయటపడలేవు.

మజ్జిగౌరి_వీధి (రాయగడ):
పెట్టిన రెండు గుడ్లలో ఒకటి ఆడ, ఒకటి మగ అని పెద్దవాళ్ళు చెప్తారు. నిజమేనా? పొదిగే రోజులెన్ని?

బరంపురం_మాస్టారు:
లేదమ్మా, నియమం ఏమీ లేదు. రెండూ ఆడవి కావచ్చు, రెండూ మగవి కావచ్చు. ఆ నమ్మకంతో అన్నాచెల్లెళ్ళనే జత కడుతూ పోతారు, కొన్ని తరాలకు గుడ్లు పిల్లలవ్వవు, పిల్లలు బలహీనంగా పుడతాయి.

మొదటి గుడ్డు సాయంత్రం పెడుతుంది. రెండోది దాదాపు 44 గంటల తరవాత, అంటే ఎల్లుండి మధ్యాహ్నం. రెండోది పడేదాకా సరిగ్గా పొదగదు, అందుకే పిల్లలు రెండూ దగ్గర దగ్గరగా బయటికొస్తాయి. రెండో గుడ్డు నుంచి 17, 18 రోజులు లెక్కపెట్టుకోండి. పొద్దున పదింటి నుంచి సాయంత్రం దాకా మగది కూర్చుంటుంది, మిగిలిన సాయంత్రం, రాత్రి అంతా ఆడది. మిట్టమధ్యాహ్నం ఆడదే గుడ్ల మీద ఉందంటే మగదానికి ఏదో అయిందన్నమాట, వెంటనే వెతకండి. ఆరో రోజు రాత్రి టార్చి వెలుగుకు అడ్డంగా గుడ్డు పెడితే ఎర్రటి నరాలు కనిపించాలి. కనిపించకపోతే అది ఖాళీ గుడ్డు.

పుట్టినప్పుడు పిల్ల తూకం 15 గ్రాములు అటూ ఇటూ. నెల తిరిగేసరికి తల్లంత అవుతుంది. దీనికి కారణం పావురం పాలు. ఇవి ఆవు పాలలాంటివి కావు. తల్లి, తండ్రి ఇద్దరి మెడసంచి లోపలి పొర దళసరెక్కి, జున్నులాంటి ముద్దలుగా రాలుతుంది. నిండా మాంసకృత్తులూ కొవ్వే, పిండిపదార్థం లేదు. గుడ్డు పగలడానికి రెండు రోజుల ముందే తయారవుతుంది. మొదటి నాలుగైదు రోజులు పిల్లకు అదొక్కటే ఆహారం, తరవాత నానిన గింజ కలుస్తుంది. పక్షుల్లో ఇలాంటి పాలు ఇంకా ఇచ్చేవి ఫ్లెమింగోలు, ఎంపరర్ పెంగ్విన్లు. పావురం ఏడాది పొడుగునా పిల్లలను చేయగలగడానికి ఇదే మూలం. పిల్లకు పురుగులు కావాలి కాబట్టి పిచ్చుక కాలం చూసుకోవాలి. పావురానికి గింజలు దొరికితే చాలు.

మజ్జిగౌరి_వీధి:
తల్లి పోయిన పిల్లను చేత్తో పెంచాలంటే?

సిరొంచ_పశువైద్యం:
మొదటి వారం పిల్లయితే చాలా కష్టమమ్మా, వేడి 35 డిగ్రీలు తగ్గకుండ చూడాలె. అప్పుడే పొదుగుతున్న ఇంకో జత కింద పెట్టుడు అన్నిటికన్నా మంచిది. వయసు రెండు మూడు రోజులే తేడా ఉండాలె. పది రోజులు దాటినదైతే, పిల్ల నోరు తెరిచి అడగదు, ముక్కును తల్లి నోట్ల పెట్టి తీసుకుంటది. మనం గూడ అట్లనే చెయ్యాలె. చిన్న ప్లాస్టిక్ కవర్ మూల కత్తిరించి, నానబెట్టి ఉడికించిన పెసలు, బఠాణీలు గోరువెచ్చగ అందుల పోసి పట్టుకుంటే పిల్ల ముక్కు పెట్టి తానే తింటది. మెడసంచి నిండినంక ఆపాలె, అది పూర్తిగ ఖాళీ అయ్యేదాక మళ్ళ పెట్టొద్దు. ఆవు పాలు పొయ్యొద్దు, పక్షికి ఆ పాలల్ల చక్కెర అరగదు. సిరంజితోని నీళ్ళు గొంతుల గుమ్మరిస్తే ఊపిరితిత్తులల్లకు పోయి చస్తది.

వంశధార_గట్టు:
మేత సంగతి చెప్పండి. ఇక్కడ బియ్యం నూకలే వేస్తారు అందరూ.

పర్లాకిమిడి_రెక్కలు:
నూకలు మాత్రమే వేస్తే పిట్ట బతుకుతుంది, పిల్లలు నిలవవు. పది కిలోల మిశ్రమానికి జొన్నలు 3 కిలోలు, మొక్కజొన్న 2, గోధుమలు ఒకటిన్నర, సజ్జలు (మన గంటెలు) 1, మిగిలిన రెండున్నర కిలోలు పప్పుగింజలు: బఠాణీలు, పెసలు, ఉలవలు. పిట్టకు రోజుకు 35 గ్రాములు. 24 పిట్టలకు 840 గ్రాములు, నెలకు పాతిక కిలోలు. పిల్లలున్నప్పుడు ఒకటిన్నర రెట్లు. వానాకాలం మొక్కజొన్న కొనేటప్పుడు గింజ మొన దగ్గర చూడండి, నల్లగా పచ్చగా బూజుంటే తీసుకోకండి, ఆ విషం కాలేయాన్ని తినేస్తుంది. ఉడికించినా పోదు.

గింజ పొట్టుతో సహా మింగుతుంది కాబట్టి గరుకు రాళ్ళు కావాలి. గుల్లలు నలగ్గొట్టింది 5 పాళ్ళు (గోపాలపూర్ తీరంలో దొరికే గుల్లలైనా సరే, కడిగి ఎండబెట్టాలి), ఇటుక ముక్కలు పెసరగింజంత 3 పాళ్ళు, బొగ్గు 1, గరుకు ఇసుక 1. పది కిలోలకు 250 గ్రాముల ఉప్పు. ఉప్పు ఎక్కువైతే విషం, అసలు లేకపోతే గోడ సున్నం పొడుచుకు తింటాయి. మీ ఇంటి గోడలు గుంటలు పడుతుంటే ఇదే కారణం.

నీళ్ళ గిన్నె లోతు చూడండి. కోడిలా తలెత్తి మింగదు పావురం, ముక్కు ముంచి ఒకే గుక్కలో పీలుస్తుంది. నీళ్ళు కనీసం మూడు సెం.మీ. లోతు ఉండాలి. పళ్ళెంలో పలచగా పోస్తే దాహం తీరదు. పైన మూత ఉండాలి, రెట్ట పడకుండా.

సిరొంచ_పశువైద్యం:
నీళ్ళ మాట అందరు తేలికగ తీసుకుంటరు, జబ్బులల్ల సగం అక్కడికెళ్ళే వస్తయి. గొంతుల పసుపుపచ్చ జున్ను లెక్క పేరుకుంటే అది క్యాంకర్, కంటికి కనిపించని పరాన్నజీవి. పెద్ద పిట్టలు పైకి బాగనే ఉంటయి, నీళ్ళల్ల, పాలల్ల పిల్లలకు అంటిస్తయి. నోరు తెరిచి చూసి గుర్తుపట్టాలె. మశూచి గూడ నోట్ల పొర కడతది, కాని గిల్లితే రక్తం వస్తది. క్యాంకర్ పొర చాలసార్లు రక్తం రాకుండనే ఊడుతది. గిల్లుడు మీరు చెయ్యకుర్రి, డాక్టరుతోని చేయించుర్రి. క్యాంకరుకు మెట్రోనిడజోల్ పని చేస్తది, పిట్ట తూకం చూసి మోతాదు రాయించుకోవాలె, మనుషుల మాత్ర విరిచి వెయ్యొద్దు. మశూచికి మందు లేదు, దోమలతోని వస్తది, దోమతెర కట్టుడే.

మెడ మెలి తిరిగి, గింజ పొడవబోతె పక్కకు పోయి, రెట్ట నీళ్ళ తీరు ఉంటే పారామిక్సో వైరస్. దానికి చికిత్స లేదు. వేరు చేసి, లోతు గిన్నెల గింజ పెడితే కొన్ని వారాలల్ల కొన్ని తేరుకుంటయి. చంపిన వైరస్‌తోని చేసిన టీకా మెడ వెనక తోలు కింద వేయించాలె, పిల్లకు ఐదారు వారాలప్పుడు, తర్వాత ఏటేటా. కొత్త పిట్ట తెస్తే మూడు వారాలు వేరే గదిల ఉంచినంకనే మందల కలపాలె. ఈ ఒక్క నియమం తప్పినోళ్ళకే ఎక్కువ నష్టం.

హరియల్_చూపు (బల్లార్షా):
ఒక మాట కలపనివ్వండి. పావురాలంటే ఇళ్ళవే కాదు. మహారాష్ట్ర రాష్ట్ర పక్షి హరియల్, అంటే పచ్చ పావురం, పసుపు కాళ్ళది. మర్రి, రావి, జువ్వి పళ్ళ మీద గుంపులుగా వాలుతుంది, ఆకుల్లో ఆకులా ఉంటుంది. దాన్ని పట్టడం, పెంచడం చట్టరీత్యా నేరం, సంతలో అమ్మజూపితే కొనకండి. ఆకుపచ్చ మహాపావురం తూర్పు కనుమల అడవుల్లో ఉంది, పెద్ద గింజలను మింగి దూరాన వదిలి అడవిని నాటేది అది. హరియల్ కందనకాయ మాత్రం మర్రి గింజలను నూరేస్తుంది. ఒకే కుటుంబం, చెట్టుతో సంబంధం మాత్రం వేరువేరు. అంతరించిపోయిన డోడో కూడా పావురమే, దానికి దగ్గర చుట్టం మన నికోబార్ పావురం. అమెరికాలో ఆకాశం కప్పేసే గుంపులుగా తిరిగిన ప్రయాణికుల పావురం చివరిది 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జంతుశాలలో చనిపోయింది. సంఖ్య ఎక్కువుంటే భయం లేదనుకోకూడదు.

కొండచరియ:
సరిగ్గా చెప్పారు. రాతి పావురానికి తిరిగొద్దాం. మన దేశపు అడవి రకానికి నడుము బూడిదరంగే, యూరప్ రకానికి తెల్లటి నడుము. రెక్క మీద రెండు నల్ల చారలు రెండింటికీ ఉంటాయి. డార్విన్ లండన్‌లో పావురాల సంఘాల్లో చేరి, ఇంట్లో అన్ని రకాలూ పెంచి, తోక విసనకర్రలా విప్పే లక్కా అయినా, గొంతు ఉబ్బించేదైనా, పల్టీ కొట్టేదైనా అన్నీ ఈ రాతి పావురం నుంచే వచ్చాయని 1859 పుస్తకంలో వాదించాడు. వేరువేరు రంగుల జాతులను కలిపితే నీలం ఒళ్ళు, రెండు నల్ల చారలు మళ్ళీ తిరిగి రావడం ఆయన చూపిన సాక్ష్యం. ఆ పని మీ గూట్లో కూడా చూడొచ్చు. అక్బరు కొలువులో 20 వేలకు పైగా పావురాలుండేవని అబుల్ ఫజల్ రాశాడు, వాటిలో 500 ప్రత్యేకమైనవి.

ఇంటికి తిరిగొచ్చే గుణం కూడా చరియ బతుకే. గూడు రాతి మీద, గింజ మైదానంలో. రోజూ దూరం పోయి పిల్లల దగ్గరకు సూటిగా రాగలిగినదే మిగిలింది.

బరంపురం_మాస్టారు:
ఆ గుణాన్ని మన కోరాపుట్‌లోనే వాడారు. 1946లో సైన్యం ఇచ్చిన 200 పావురాలతో ఒడిశా పోలీసులు కబుర్ల సేవ పెట్టారు. మొదట 40 పావురాలతో కోరాపుట్ జిల్లాలోనే పరీక్షించారు. రోడ్డూ తీగా లేని కొండ ఠాణాలవి. తరవాత కేంద్రం కటక్. 1948 ఏప్రిల్ 13న సంబల్‌పూర్ నుంచి నెహ్రూ కబురు పావురం మీదే కటక్ చేరింది. 1982 వరదల్లో బంకీ మునిగినప్పుడు, 1999 పెనుతుపానులో అవే కబుర్లు మోశాయి. జాతి బెల్జియన్ హోమర్, దూరం నుంచి గూటికి తిరిగొచ్చే రకం. ఇప్పుడు వేడుకల్లో ఎగరేస్తారు.

అందులో మూడు పద్ధతులు. ఒకటి, ఠాణా నుంచి కేంద్రానికి ఒకవైపు. రెండు, బలగాలతో పావురాలను మోసుకుపోయి అక్కణ్ణుంచి వదలడం. మూడోది కష్టమైనది: ఒకచోట గూడు, ఇంకోచోట మేత. ఆకలికి అటు, నిద్రకు ఇటు, ఒకే రోజులో రెండువైపులా కబురు. పలచని కాగితం చుట్టి కాలికి కట్టిన గొట్టంలో పెట్టేవారు. ముఖ్యమైన కబురైతే రెండు పిట్టలతో పంపేవారు, ఒకటి డేగ పాలైనా రెండోది చేరుతుందని.

వంశధార_గట్టు:
హోమర్లకు దారి నేర్పడం ఎలా మాస్టారూ?

పర్లాకిమిడి_రెక్కలు:
నేను చెప్తా. పెద్ద హోమర్ కొనకండి, వదిలిన రోజే పాత ఇంటికి పోతుంది. అలాంటివాటిని లోపలే ఉంచి పిల్లలు తీయాలి. నాలుగైదు వారాల పిల్లలను, బలంగా ఎగరకముందే, సాయంత్రం మేత వేసే గంట ముందు, ఆకలితో గూటి పైన జాలీలో కూర్చోబెట్టండి. చుట్టూ చూసుకోవాలి. వారం తరవాత తలుపు తీయండి. మేత డబ్బా గలగలలాడించి పిలవండి, ప్రతిరోజూ అదే చప్పుడు. చుట్టూ అరగంట ఎగురుతున్నాయంటే దూరం మొదలుపెట్టొచ్చు. 2 కి.మీ., 5, 10, 20, ఒక్కో దూరం రెండు మూడు సార్లు.

మీకు నౌపడా రైలు ఉంది కదా, 90 కి.మీ. దారి అది. బుట్ట పట్టుకుని కాశీనగర్, పర్లాకిమిడి, పాతపట్నం, టెక్కలి, స్టేషను స్టేషనుకూ పెంచుకుంటూ పోండి. ఒకే దిక్కున పెంచడం మంచిది. గాలి వాటంగా ఉంటే గంటకు 60, 70 కి.మీ. వస్తాయి. పొగమంచు, కారుమబ్బు ఉన్న రోజు వదలకండి.

కొండచరియ:
మబ్బు రోజు ఎందుకు వద్దో కూడా చెప్పాలి. ఎండ ఉన్నప్పుడు సూర్యుడే దిక్సూచి, ఒంట్లో గడియారంతో సరిచూసుకుంటుంది. మూసిన గదిలో ఉంచి, దీపాల వేళలు మార్చి గడియారాన్ని ఆరు గంటలు తప్పిస్తే ఎండలో 90 డిగ్రీలు పక్కకు పోతుంది. 1971లో కీటన్ అనే అమెరికా శాస్త్రవేత్త పావురాల వీపుకు అయస్కాంతం కట్టాడు, ఎండలో బాగానే వచ్చాయి, మబ్బులో దారి తప్పాయి. అంటే మబ్బులో భూమి అయస్కాంతం మీద ఆధారపడుతోంది. వాసన పాత్ర ఉందని ఇటలీలో పాపీ అనే శాస్త్రవేత్త చూపించాడు. చేరువకొచ్చాక కొండ, ఏరు, రోడ్డు గుర్తులు.

డేగల సంగతి కూడా. భైరి డేగ కూడా చరియ పిట్టే, పావురంతో పుట్టిన పగ అది. పావురం ఈకలు వదులుగా ఉంటాయి, గోళ్ళకు ఈకలు వదిలి తప్పించుకుంటుంది. గూడు దగ్గర పీకిన ఈకలు కుప్పగా ఉంటే జాలె డేగ మొదలెట్టిందని అర్థం. రెండు వారాలు వదిలే వేళ మార్చండి.

మజ్జిగౌరి_వీధి:
గుడి సంగతి మరిచిపోతున్నారు. మందు పెట్టడం పాపం, పైగా పిల్లలు దూలాల మీద ఆకలితో చస్తాయి. శిబి చక్రవర్తి కథ చెప్పుకునే గుడిలో అది కూడదు.

కొండచరియ:
పాపమే, ప్రయోజనమూ లేదమ్మా. స్విట్జర్లాండు బాసెల్ నగరంలో 1961 నుంచి 1985 దాకా దాదాపు లక్ష పావురాలను చంపారు, మంద తగ్గలేదు. ఖాళీ అయిన అంచును ఇంకో జత ఆక్రమిస్తుంది. 1988 నుంచి జనం గింజలు చల్లడం తగ్గించాక నాలుగేళ్ళలో గుంపులు సగమయ్యాయి. మేతే మంద సంఖ్యను నిర్ణయిస్తుంది. ముంబైలో 2025లో కబూతర్‌ఖానాలు (పావురాలకు గింజలు చల్లే చోట్లు) మూసింది కూడా రెట్ట, ఈకల దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు భయంతోనే. దాని మీద జైనుల నొప్పి నిజమైనదే, కానీ గుప్పెళ్ళతో గింజలు చల్లడం పావురానికీ మేలు కాదు. కిక్కిరిసిన మందలోనే జబ్బులు పాకుతాయి.

మండపానికి చేయాల్సింది: గింజలు చల్లే చోటు ఆవరణ బయటికి మార్చి, రోజుకు కొలిచి వేయండి. దూలాల అంచుల మీద 45 డిగ్రీలకు మించిన వాలుతో చెక్క బిగించండి, అంతకన్నా తక్కువ వాలైతే పుల్లలు నిలుస్తాయి. పెద్ద ఖాళీలకు 50 మి.మీ. కన్నున్న నైలాన్ వల. వల వదులుగా వేలాడితే పిట్టలు చిక్కుకుని చస్తాయి. చుట్టూ స్టీలు తీగ బిగించి, జానెడు జానెడుకూ కొక్కెం వేసి లాగాలి. ముందు ప్రతి దూలం ఎక్కి చూడండి, గుడ్డుగానీ పిల్లగానీ ఉన్న చోటు పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగి కట్టండి.

సిరొంచ_పశువైద్యం:
రెట్ట తీసేటప్పుడు పొడిగ ఊడ్వొద్దు. ఎండిన రెట్టల శిలీంధ్రం ఉంటది, దుమ్ముల ఊపిరితిత్తులకు, నీరసమున్నోళ్ళకు మెదడుకు గూడ పోతది. ఒక పాలు బ్లీచు, పది పాళ్ళు నీళ్ళు, మెత్తగ చల్లి పావుగంట నానబెట్టి, తడి మీదనే గీకాలె. ఎన్95 మాస్కు, చేతి తొడుగులు. పావురానికి తోక దగ్గరి నూనె గ్రంథి చిన్నది, ఈకల మీద తెల్ల పొడి ఎక్కువ. పెంచేటోళ్ళకు ఆ పొడితోనే ఏండ్ల తరబడి ఊపిరితిత్తులు గట్టిపడుతయి. గూడు ఊడ్చేటప్పుడు రోజు మాస్కు పెట్టుకోవాలె. సాయంత్రం జ్వరం, పొడి దగ్గు వచ్చి, గూడుకు దూరమైన రోజు తగ్గుతుంటే డాక్టరుకు పావురాల సంగతి చెప్పుర్రి, వాళ్ళు అడగకపోవచ్చు.

బ్లీచు తగలని రెట్ట పారేయొద్దు. ఎండుగడ్డితోని కలిపి మూడు నాలుగు నెలలు మాగబెడితే మిర్చికి మంచి ఎరువు. ఇరాన్‌ల ఇస్ఫహాన్ దగ్గర పుచ్చతోటలకు ఎరువు కోసమే పావురాలకు బురుజులు కట్టిండ్రు. పచ్చిదే వేస్తే వేర్లు మాడుతయి.

వంశధార_గట్టు:
కమిటీకి ఇదే చూపిస్తా. ఇంట్లో మంద పన్నెండు జతలు దాటకుండా ఎలా?

బరంపురం_మాస్టారు:
గుడ్లు తీసేయొద్దు. తీస్తే పది రోజుల్లో మళ్ళీ పెడుతుంది, సున్నం అరిగి ఆడది నీరసిస్తుంది. అసలు గుడ్లు తీసి అదే కొలత చెక్క గుడ్లు పెట్టండి, మూడు వారాలు కూర్చుని వదిలేస్తుంది. జర్మనీలో ఆగ్స్‌బర్గ్‌వాళ్ళు ఊరి పావురాలకు గూళ్ళు కట్టి ఇదే చేస్తారు. గుడి పక్కన అలాంటి గూడు ఒకటి కడితే వల కట్టాక చెదిరిన జతలకు చోటు దొరుకుతుంది. మార్పిడి రెండో గుడ్డు పడిన రెండు మూడు రోజుల్లోపే చేయాలి, ఆ తరవాత లోపల పిల్ల మొదలవుతుంది.